ఉబ్బసమూ, నేనూ, నా నీలం డబ్బా

మొన్నామధ్య మా ఆఫీసులో లిఫ్టులు రెండూ ఒకేసారి మొరాయించాయి. మాది ఆరో అంతస్తు. భోజనం చేసొచ్చినవాళ్ళం అందరం మెట్లెక్కాల్సొచ్చింది. పైకి చేరి ఎవరి సీట్లలోకి వాళ్ళు పోయాక, మొహం కడుక్కుందామని నేను బాత్రూములోకి వెళ్ళాను. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు మూల నిలబడి, గోడవైపు తిరిగి ఏదో చేస్తున్నాడు. నన్ను చూడగానే చేతిలోది గబుక్కున జేబులోకి తోసేశాడు. ఇంకెవరైనా అయితే సిగరెట్టేమో అనుకునేవాళ్ళు. కానీ 'టుస్సు'మన్న ఆ చప్పుడు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

"ఎవ్వరికి చెప్పకన్నా" అన్నాడు, ఇంకా ఆయాసపడుతూనే.

ఏమైందిరా, ఇందులో దాచుకోడానికేముంది అంటే, "ఇంకో నాలుగు నెలల్ల పెళ్ళున్నది. పిల్ల బాబాయి మన బిల్డింగులనే పనిజేస్తడు" అన్నాడు.

నవ్వొచ్చింది ముందు. తర్వాత నవ్వు రాలేదు. ఎందుకంటే నేను కూడా సరిగ్గా ఇదే పని, ఇలాంటి బాత్రూములోనే, మూడేళ్ళు చేశాను. అది ఎంతదూరం తీసుకెళ్ళిందో కూడా నాకు బాగా గుర్తుంది. ఆ సాయంత్రం వాణ్ణి టీకి తీసుకెళ్ళి రెండు గంటలు వాయించాను. అక్కడ చెప్పినవీ, చెప్పడం మర్చిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నా. మన ఐటీ భవనాల బాత్రూముల్లో గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళు వాడొక్కడే అయ్యుండడు కదా.

ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది: నేను డాక్టర్ని కాను. కంప్యూటర్ సైన్సులో బీటెక్కు, అంతే. ఇది చదివి ఎవరూ మందులు మార్చేసుకోవద్దు. మీ డాక్టర్ని అడగడానికి నాలుగు ప్రశ్నలు దొరికితే చాలు.

మాది గుంటూరు. గుంటూరనగానే మీకు మిరపకాయ గుర్తొస్తుంది. నాకూ అదే గుర్తొస్తుంది, కాకపోతే రుచి కాదు, ఘాటు. వేసవిలో మిర్చియార్డు పక్కనుంచి వెళ్తుంటే బస్సు బస్సంతా దగ్గేది. మిగతావాళ్ళు దగ్గి ఊరుకునేవాళ్ళు, నాకు మాత్రం ఆ రాత్రి పిల్లికూతలు మొదలయ్యేవి. భోగి మంటల్లో మా వీధి కుర్రాళ్ళు పాత టైర్లు కూడా వేసేవాళ్ళు. పిల్లలంతా మంట చుట్టూ, నేను మూసిన కిటికీ వెనకాల. పడుకుంటే ఊపిరాడదని అమ్మ గోడకి దిండ్లు పేర్చి కూర్చోబెట్టేది. నాయనమ్మ కొబ్బరినూనెలో కర్పూరం కాచి వీపుకీ రొమ్ముకీ రాసేది.

ఇన్ని చేసేవాళ్ళు గానీ, 'ఉబ్బసం' అన్న మాట మాత్రం మా ఇంట్లో ఎవరి నోటివెంటా వచ్చేది కాదు. "వాడిది జలుబు శరీరం" అనేవాళ్ళు. "కాస్త నెమ్ము చేసింది" అనేవాళ్ళు. "వాడికి చల్లటివి పడవు" అనేవాళ్ళు. ఎవరైనా మరీ గుచ్చిగుచ్చి అడిగితే "అబ్బే, కొంచెం ఆయాసం, పెద్దయితే పోతుంది" అనేవాళ్ళు. మా వీధి చివర ఓ ఆర్ఎంపీ డాక్టరుగారుండేవారు. రాత్రి ఎన్నింటికి తలుపు కొట్టినా తీసేవారు, అది మాత్రం ఒప్పుకోవాలి. డెరిఫిల్లిన్ ఇంజక్షన్ ఒకటి పొడిచేవారు. అరగంటలో తేలికపడేది. మళ్ళీ పదిహేను రోజులకి అదే తలుపు.

తర్వాత చేప మందు. మృగశిర కార్తె రోజున హైదరాబాదులో ఇస్తారే, అదే. 2005, 2006, 2007, వరసగా మూడేళ్ళు నాన్న నన్ను గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి తీసుకెళ్ళారు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్సులో ఆ జనం, ఆ క్యూ, ఎండకి సొమ్మసిల్లేవాళ్ళు, ప్లాస్టిక్ సంచీల్లో నీళ్ళు పోసుకుని అందులో బతికున్న కొరమీను పిల్లల్ని పట్టుకు తిరిగేవాళ్ళు. ఆ దృశ్యం ఒకసారి చూస్తే మర్చిపోలేం. చేప నోట్లో పసుపుపచ్చటి ముద్ద పెట్టి, మన నోరు తెరిపించి, వేళ్ళతో గొంతులోకి తోస్తారు. చేప లోపలికి జారుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. మొదటి ఏడు నేను ఏడ్చాను. మూడో ఏడొచ్చేసరికి పక్కనున్న పిల్లలకి ధైర్యం చెప్పే స్థాయికి ఎదిగాను :-)

ఆ తర్వాత 45 రోజులు పథ్యం. పథ్యం సంగతలా ఉంచి, నాన్న ఇంకో పని కూడా చేశారు. గుంటూరులో ఓ పిల్లల డాక్టరు అప్పటికే రాసిచ్చిన ఇన్‌హేలరు ఆపేశారు. ఎవరూ ఆపమనలేదు. "రెండు మందులు కలిస్తే వికటిస్తాయేమో" అని ఆయనే అనుకున్నారు.

విచిత్రమేంటంటే, పదమూడు పధ్నాలుగేళ్ళు వచ్చేసరికి నాకు నిజంగానే తగ్గిపోయింది. ఇంటరు, బీటెక్కు హాయిగా గడిచిపోయాయి. కాలేజీలో క్రికెట్టు కూడా ఆడాను. నాన్న కనపడినవాళ్ళకల్లా "చేప మందుతో మావాడికి పూర్తిగా పోయింది" అని చెప్పేవారు. ఆయన మాట విని కనీసం పది కుటుంబాలు నాంపల్లి వెళ్ళుంటాయి. ఆయన అబద్ధం చెప్పలేదు. కళ్ళతో చూసిందే చెప్పారు.

కాకపోతే చిన్నప్పుడు ఉబ్బసం ఉన్న మగపిల్లల్లో చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి దానంతటదే నెమ్మదిస్తుంది. చేప మింగినా అంతే, మింగకపోయినా అంతే. కాకి వాలడం, తాటిపండు పడడం. కాకతాళీయం అనే మాట పుట్టిందే అందుకు కదా! అలా నెమ్మదించినవాళ్ళలో కొందరికి ఇరవైల్లోనో ముప్ఫైల్లోనో మళ్ళీ తిరగబెడుతుంది. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. ఎందుకంటే అప్పటికి మనం ఊళ్ళో ఉండం, హైదరాబాదులో ఏదో హాస్టల్లో ఉంటాం. అక్కడ దగ్గుతున్నామని మన ఊళ్ళోవాళ్ళకి తెలీదు.

నాకు సరిగ్గా అదే జరిగింది. 2019లో ఉద్యోగంలో చేరి మాదాపూర్‌లో ఓ పీజీలో దిగాను. రోడ్డుకవతల ఓ టవరు కడుతున్నారు, ఇవతల ఇంకోటి కూలగొడుతున్నారు. గదిలో ముగ్గురం, నా పరుపు నాకు ముందు ఎంతమంది పడుకుని వెళ్ళిందో దానికే తెలియాలి. (పాత పరుపుల్లో, దిండ్లలో ఉండే దుమ్ము పురుగులు కంటికి కనపడవు. ఉబ్బసాన్ని రేపడంలో రోడ్డు మీది దుమ్ముకంటే ఇవి ఒక ఆకు ఎక్కువే చదివాయి.) ఆర్నెల్లు తిరక్కుండానే తెల్లవారుజామున మూడింటికి దగ్గుతో మెలకువ రావడం మొదలైంది. చలివల్ల అనుకున్నా. ఏసీవల్ల అనుకున్నా. 2020లో కరోనా వచ్చాక ఇంకో తలనొప్పి: దగ్గితే చాలు, పక్కవాడు మాస్కు సర్దుకుని రెండడుగులు వెనక్కి. దగ్గు ఆపుకోవడం అప్పుడే బాగా ప్రాక్టీసయింది.

మందుల షాపుకెళ్ళి చిన్నప్పటి నీలం ఇన్‌హేలరు అడిగాను. ప్రిస్క్రిప్షనూ గిస్క్రిప్షనూ ఏమీ అడక్కుండా ఇచ్చాడు. రెండు పఫ్ఫులు కొట్టగానే ఐదు నిమిషాల్లో ప్రాణం లేచొచ్చింది. ఇంత బాగా పనిచేసే వస్తువు జేబులో ఉండగా ఇంక డాక్టరెందుకు? ఎవరికీ చెప్పలేదు. మేనేజరుకి తెలిస్తే రాత్రి రిలీజులకి పనికిరానంటాడేమో, ఆన్‌సైట్ అవకాశం పోతుందేమో అని భయం. అమ్మకి తెలిస్తే ఉద్యోగం మానేసి వచ్చెయ్యమంటుందేమో అని ఇంకో భయం.

2022లో ఒక్క ఏడాదిలో నేను 11 డబ్బాలు వాడాను. ఈ లెక్క తర్వాత యూపీఐ లావాదేవీలు వెతికి తీసింది, అప్పట్లో లెక్కపెట్టాలన్న ఆలోచనే లేదు.

ఆ నవంబరులో ఒక శుక్రవారం రిలీజు. మూడు రోజులుగా పడిశం. పడిశం పది రోగాల పెట్టని ఊరికే అనలేదు పెద్దలు. ఉబ్బసం ఉన్నవాళ్ళని ఆస్పత్రి దాకా తీసుకెళ్ళేవాటిల్లో దుమ్ముకన్నా పొగకన్నా ఈ మామూలు జలుబు వైరస్సులే ముందుంటాయి. రాత్రి ఎనిమిదికి రెండు పఫ్ఫులు. తొమ్మిదిన్నరకి రెండు. తర్వాత గంటకోసారి, తర్వాత లెక్కలేదు. ఒంటిగంటప్పుడు బ్రిడ్జి కాల్‌లో ఎవరో "స్టేటస్ ఏంటి" అని అడిగారు. "డిప్లాయ్‌మెంట్ అయిపోయింది, టెస్టింగ్ జరుగుతోంది" అని చెప్పాలి. "డిప్లాయ్..." అని ఊపిరి తీసుకున్నా. "...మెంట్..." అని మళ్ళీ ఊపిరి. వాక్యం పూర్తి కాలేదు. నెట్‌వర్క్ బాలేదనుకున్నారు అవతల. పక్క సీటులో ఉన్న స్నేహితుడు మాత్రం నా మొహం చూసి, లాప్‌టాప్ మూసి, భుజం పట్టుకుని కిందకి లాక్కెళ్ళాడు. క్యాబు డ్రైవరన్న ఎన్ని సిగ్నళ్ళు దాటించాడో తెలీదు.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు స్టెతస్కోపు పెట్టి, "లోపల శబ్దమే లేదు" అని నర్సుతో అన్నాడు. నేను హమ్మయ్య అనుకున్నా! పిల్లికూతలు లేవంటే తగ్గుతోందన్నమాటేగా అని. కాదట. గొట్టాల్లోంచి కాస్తో కూస్తో గాలి పోతేనే ఆ కూత వస్తుంది. అసలు గాలే కదలకపోతే కూతెక్కడిది? డాక్టర్లు దాన్ని సైలెంట్ చెస్ట్ అంటారు, చూస్తే పరుగులు పెడతారు. మన భాషలో చెప్పాలంటే లాగులో ఎర్రర్లు రావట్లేదని సంబరపడుతున్నాం, తీరా చూస్తే లాగులు రాసే సర్వరే పడిపోయి ఉంది. ఆక్సిజన్ 86 చూపించింది. నెబ్యులైజరు, చేతికి స్టెరాయిడ్ ఇంజక్షను, ఆక్సిజను. తెల్లారి ఆరింటికి నేను మొదటి పూర్తి వాక్యం మాట్లాడాను. "అమ్మకి ఫోను చెయ్యొద్దు" అని.

మర్నాడు ఊపిరితిత్తుల డాక్టరుగారొచ్చారు. పెద్దావిడ. నా నీలం డబ్బా చేతిలోకి తీసుకుని "నెలకెన్ని?" అని అడిగారు. "ఒకటి మేడమ్... ఒక్కోసారి కొంచెం ఎక్కువ." "ఇంకో మందు ఏం వాడుతున్నావు?" "ఇదొక్కటే." ఆవిడ తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. అంతవరకూ ఎవరూ నాకలా చెప్పలేదు.

ఉబ్బసంలో రెండు గొడవలున్నాయి. ఒకటి, గాలి గొట్టాల చుట్టూ ఉండే కండరాలు బిగుసుకుపోవడం. రెండు, గొట్టాల లోపలి పొర వాచి, జిగురు ఊరడం. నీలం డబ్బాలో ఉండే సాల్‌బ్యుటమాల్ మొదటిదాన్ని వదులు చేస్తుంది, అదీ నాలుగైదు గంటలు. రెండోదాన్ని ముట్టుకోదు. వాపు లోపల పెరుగుతూనే ఉంటుంది, మనకి మాత్రం బావున్నట్టే ఉంటుంది. మెమరీ లీకున్న అప్లికేషన్ని రోజుకి ఆరుసార్లు రీస్టార్ట్ చేసుకుంటూ "ప్రొడక్షన్ స్టేబుల్‌గా ఉంది" అని మెయిలు పెట్టడం లాంటిదిది. నేను ఉద్యోగంలో ఎవడైనా ఆ పని చేస్తే ఊరుకోను. నా ఒంటికి మూడేళ్ళు అదే చేశాను.

తర్వాత నేనే చదువుకున్నా. ఉబ్బసం చికిత్సకి ప్రపంచమంతా చూసే జీనా మార్గదర్శకాలున్నాయి. నీలం మందు ఒక్కదాన్నే పెట్టుకుని బండి నడపొద్దని, ఉబ్బసం ఎంత తక్కువగా ఉన్నా సరే పెద్దవాళ్ళకి వాపు తగ్గించే మందు కూడా ఉండాల్సిందేనని వాళ్ళు 2019లోనే చెప్పేశారు. ఏడాదికి మూడు నీలం డబ్బాలు దాటాయంటే ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం పెరిగినట్టట. 12 చేరితే చనిపోయే ప్రమాదం కూడా పెరిగినట్టట. డబ్బాకి 200 పఫ్ఫులు. మూడు డబ్బాలంటే రోజుకి రెండు పఫ్ఫులు కూడా కాదు, లెక్కేసుకోండి. నావి 11.

ఇప్పుడు నేను వాడేది బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసున్న ఇన్‌హేలరు. పొద్దున, రాత్రి. అమ్మకి ఈ విషయం చెప్పగానే వచ్చిన మొదటి ప్రశ్న, "స్టెరాయిడ్లా?!" రెండోది, "అలవాటైపోతుందేమోరా." ఈ రెండు ప్రశ్నలూ మన రాష్ట్రాల్లో ఎంతమంది ప్రాణాలమీదికి తెచ్చాయో!

స్టెరాయిడ్ అనగానే జిమ్ములో కండలు పెంచేవాళ్ళు గుర్తొస్తారు. అవి వేరు, ఇవి వేరు, పేరొక్కటే కలిసింది. ఇక మోతాదు. ఇన్‌హేలర్లో కొలత మైక్రోగ్రాముల్లో. ఎమర్జెన్సీ నుంచి బయటికొచ్చాక నాకు ఐదు రోజులు రోజుకి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలిచ్చారు. అంటే 40,000 మైక్రోగ్రాములు. నా ఇన్‌హేలర్లో రోజుకి 400. రెండు మందుల బలం ఒకటి కాదు కాబట్టి అంకెకి అంకె పెట్టి పోల్చకూడదు గానీ, రోజూ పీల్చే ఆ కాస్త మందుకి భయపడి తప్పించుకుంటే చివరికి రక్తంలోకి ఎంత ఎక్కించుకోవాల్సొస్తుందో తెలుస్తుంది. సాల్‌బ్యుటమాల్‌దీ ఇదే కథ: మాత్రయితే 4 మిల్లీగ్రాములు, పఫ్ఫయితే 100 మైక్రోగ్రాములు. మాత్ర కడుపులోకి పోయి ఒళ్ళంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడదడలాడించి, ఆఖరికి ఊపిరితిత్తులకి చేరుతుంది. పఫ్ఫు నేరుగా వెళ్తుంది. అయినా మనవాళ్ళకి మాత్ర 'మామూలు మందు', ఇన్‌హేలరు 'ఆఖరి మందు'. ఈ తలకిందుల లెక్క ఎక్కడ పుట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు.

అలవాటు సంగతంటారా, నాకు కళ్ళజోడు కూడా ఉంది. తొమ్మిదో తరగతి నుంచి. "రోజూ పెట్టుకోకురా, అలవాటైపోతుంది" అని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

అన్నట్టు, ఇన్‌హేలరు ఎలా పుట్టిందో తెలుసా? 1955లో అమెరికాలో ఓ మందుల కంపెనీ అధ్యక్షుడికి ఉబ్బసం ఉన్న పదమూడేళ్ళ కూతురుంది. అప్పటి గాజు పరికరంతో తంటాలు పడలేక, జుట్టుకి కొట్టుకునే స్ప్రేలాగా నా మందు కూడా డబ్బాలో ఎందుకు పెట్టకూడదు అని నాన్నని అడిగిందట. మరుసటి ఏడాదికల్లా మార్కెట్లోకొచ్చింది. రిక్వైర్‌మెంటంటే అలా ఉండాలి, ఒక్క వాక్యం!

"ఇంగ్లీషు మందులెందుకు, మన ఆకుల్లో లేనిదా" అనేవాళ్ళకి కూడా ఒకటి చెప్పాలి. నాకు ఆకుల మీద కోపమేమీ లేదు. మన ఉమ్మెత్తనే తీసుకోండి. ఎండబెట్టి పొగ పీల్చడం ఇక్కడ ఎప్పట్నుంచో ఉంది. 1802లో ఆ పద్ధతి మద్రాసు నుంచే బ్రిటనుకి వెళ్ళింది, తర్వాత వందేళ్ళ పైన అక్కడ ఉబ్బసానికి ఉమ్మెత్త జాతి ఆకుల సిగరెట్లు అమ్ముకున్నారు. ఆ ఆకులో ఉండే అట్రోపిన్‌ని మార్చి చేసిందే ఇప్పటి ఇప్రాట్రోపియం. ఆ రాత్రి నా నెబ్యులైజర్లో పోసినవాటిలో అదీ ఉంది. అంటే ఆకుని కాదనలేదు, అందులో విషాన్ని తీసేసి, కొలిచి, పరీక్షించి డబ్బాలో పెట్టారు. (ఉమ్మెత్త నిజంగానే విషం, దయచేసి ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి.) ప్రాణాయామం కూడా నేను చేస్తాను, హాయిగా ఉంటుంది. మందుకి బదులుగా మాత్రం చెయ్యను.

ఇంకో సంగతి, కొన్నవాళ్ళలో సగంమందికి పీల్చడం రాదేమో అని నా అనుమానం. నాకూ రాదు. ఇరవయ్యేళ్ళ 'అనుభవం' ఉన్న నన్ను ఆ డాక్టరుగారు ఒక్క పఫ్ఫు కొట్టి చూపించమని, చూసి నవ్వారు. బాగా ఊపి, ఊపిరి మొత్తం బయటికి వదిలేసి, నొక్కుతూ నెమ్మదిగా లోతుగా పీల్చి, పదిదాకా లెక్కపెట్టాలి. నేను నొక్కి, నాలిక మీద పడ్డాక పీల్చేవాణ్ణి. అదే క్యాప్సూలు వేసి పీల్చే పొడి రకమైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఒక్కసారిగా గట్టిగా లాగాలి. డబ్బాకి తగిలించే స్పేసరు గొట్టం వాడితే సగం బాధలు తీరతాయి. స్టెరాయిడున్నది పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది. ఐదు నిమిషాల పాఠం ఇది. మందుల షాపువాడు చెప్పడు, యూట్యూబులో అయినా చూడొచ్చు, నేను చూడలేదు.

ప్రపంచంలో ఉన్న ఉబ్బసం రోగుల్లో 13 శాతం మంది మన దేశంలో ఉంటే, ఉబ్బసం చావుల్లో మాత్రం 40 శాతానికి పైగా మనవేనని అంచనా. రోగం మనకి వేరేగా రాదు. రోజూ వాడాల్సిన మందు వాడకపోవడం, అసలు రోగం పేరే చెప్పుకోకపోవడం దగ్గరే ఆ తేడాలో చాలాభాగం వస్తోందని నా గట్టి నమ్మకం.

మా కుర్రాడికి ఇవన్నీ చెప్పాను. బుద్ధిమంతుడు, అన్నీ విన్నాడు. చివర్లో "అంత నిజమే గని అన్నా, పెళ్ళి?" అన్నాడు.

అక్కడికొచ్చేసరికి నా దగ్గర అంత తేలికైన జవాబు లేదు. ఎందుకంటే నేను చెప్పి దెబ్బతిన్నవాణ్ణి. పోయినేడు ఓ సంబంధం దాదాపు ఖాయమైంది. అమ్మ వద్దంటున్నా వినకుండా, అమ్మాయితో విడిగా మాట్లాడమన్నప్పుడు ఇన్‌హేలరు తీసి చూపించి, ఆస్పత్రి సంగతి కూడా చెప్పాను. ఆ అమ్మాయి మామూలుగానే తీసుకుంది. రెండు రోజుల తర్వాత వాళ్ళ పెదనాన్నగారు ఫోను చేసి "జాతకాలు కుదర్లేదు" అన్నారు. అంతకు వారం ముందే ఆయనే కుదిరాయన్నారు లెండి. అమ్మ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

మరి అదే పెళ్ళిచూపుల్లో స్వీట్లు పెడితే "నాకొద్దండీ, షుగరు" అని ఇద్దరు వియ్యంకులూ చెప్పుకుని, ఎవరు ఏ మాత్ర వాడుతున్నారో పోల్చుకుని స్నేహితులైపోయారు. షుగరూ కొంతవరకు పిల్లలకొచ్చేదే, బీపీ అంతే. వాటిని బంధుత్వం కలుపుకోడానికి వాడతాం. ఉబ్బసం దగ్గరకొచ్చేసరికి మాత్రం గోడవైపు తిరుగుతాం. ప్రియాంకా చోప్రా తనకి ఆస్తమా ఉందని 2018లో బాహాటంగా చెప్పింది. పౌలా రాడ్‌క్లిఫ్ ఉబ్బసంతోనే 2003లో మారథాన్ ప్రపంచ రికార్డు పెట్టింది, రెండు గంటల పదిహేను నిమిషాల్లో. ఇవన్నీ వాళ్ళ పెదనాన్నగారికి చెప్పే అవకాశం నాకు రాలేదు.

అయినా చెప్పమనే అన్నాను వాడికి. ధర్మం సంగతి పక్కనపెట్టినా, ఒకే గదిలో ఉండబోయే మనిషి దగ్గర ఉబ్బసం దాచడం కుదిరే పని కాదు. రాత్రి మూడింటికి ఊపిరాడనప్పుడు, అంబులెన్సుకి ఫోను చెయ్యాల్సింది ఆ మనిషే. ఏం జరుగుతోందో తెలియకపోతే ఏం చెప్తుంది? నా అదృష్టం కొద్దీ ఆ రాత్రి పక్క సీటులో మనిషున్నాడు.

ఇంకోచోట కూడా దాచొద్దని చెప్పాను, ఇన్సూరెన్సు ఫారంలో. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ ఉద్యోగం ఉన్నంతవరకే. సొంతంగా తీసుకునేటప్పుడు ప్రీమియం పెరుగుతుందని ఆస్తమా దగ్గర 'లేదు' అని కొట్టేసేవాళ్ళు చాలామంది. ముందునుంచీ ఉన్న జబ్బులకి గరిష్ఠ నిరీక్షణ కాలాన్ని ఐఆర్‌డీఏఐ 2024లో 48 నెలల నుంచి 36 నెలలకి తగ్గించింది. మూడేళ్ళు ఓపిక పడితే పోయేదానికి, దాచి, క్లెయిము తిరస్కరించే అవకాశం మనమే వాళ్ళ చేతికివ్వడం ఎందుకు?

ఆన్‌సైట్ మీద కూడా వాడికి మోజుంది, మెల్‌బోర్న్ క్లయింటు మాది. అక్కడ 2016 నవంబరు 21 సాయంత్రం ఒక ఉరుముల వాన వచ్చి, గడ్డి పుప్పొడిని చిన్నచిన్న ముక్కలు చేసి ఊరంతా చల్లింది. వేలమంది ఊపిరాడక ఆస్పత్రుల మీద పడ్డారు, పదిమంది చనిపోయారు. బాధపడినవాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళ వాటా వాళ్ళ జనాభాకి మించి ఉంది. చాలామందికి అంతకుముందు ఉబ్బసమే లేదు, వసంతంలో వచ్చే తుమ్ములు, ముక్కు కారడం, అంతే. ఆ ఊళ్ళో ఉన్న మనవాళ్ళు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జాగ్రత్తగా ఉండడం మంచిది. దాన్ని విన్నాక వాడి మొహంలో కాస్త భయం కనపడింది. పెళ్ళి దగ్గర పనిచెయ్యనిది ఆన్‌సైట్ దగ్గర పనిచేసింది :-)

మొత్తానికి డాక్టరు దగ్గరికి వచ్చాడు, నేనే తీసుకెళ్ళాను. ఊదే పరీక్ష చేశారు. మందుకి ముందోసారి, మందు పీల్పించి పదిహేను నిమిషాలాగి ఇంకోసారి. రెండింటికీ మధ్య తేడా చూసి ఉబ్బసమేనని తేల్చారు. రెండో ఇన్‌హేలరు రాశారు. కొన్నాడు, నాలుగొందల చిల్లర. శనివారం బిర్యానీ ఆర్డరు చేసేవాడే, దాని ధర చూసి "నెలనెలా ఇంత అయితదా అన్నా" అన్నాడు. వాడుతున్నాడో లేదో కనుక్కోడానికి డబ్బా మీది కౌంటరు చూపించమని సోమవారం సోమవారం అడుగుతున్నాను. తగ్గుతోంది అంకె. ఊరికే గాల్లోకి కొట్టి చూపిస్తున్నాడేమో అని కూడా ఓసారి అనుమానమొచ్చింది, కానీ మొన్న లిఫ్టు మళ్ళీ ఆగిపోయినప్పుడు నాకంటే ముందెక్కాడు.

అమ్మాయికి మాత్రం ఇంకా చెప్పలేదు. "చెప్త అన్నా, చెప్త" అంటున్నాడు. పెళ్ళి వచ్చే నెల 14న, కరీంనగర్ దగ్గర. శుభలేఖ ఇస్తూ ఓ మాట అడిగాడు. హోమం పొగ దగ్గర రెండు గంటలు కూర్చోవాలి కదా, పట్టుపంచెకి జేబుండదు కదా, నువ్వు మండపం పక్కనే కూర్చుని ఒకటి నీ దగ్గర పెట్టుకుంటావా అని.

సరేనన్నాను. కాకపోతే ఒక షరతు పెట్టాను, అమ్మాయికి చెప్తేనే వస్తానని. ఈ ఆదివారం దాకా టైమడిగాడు.